మైక్ మార్చకుండా వాయిస్ మారింది: కరీంనగర్ బెడ్రూమ్ రికార్డింగ్ కేస్ స్టడీ

కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు, జానపదాలు పాడతాడు, యూట్యూబ్‌లో పెడుతుంటాడు, మిక్సింగ్ కోసం ఒక పాట పంపాడు. అమ్మ మీద పాట. పల్లవి కింద స్థాయిలో నెమ్మదిగా మొదలై చరణంలో పైకెళ్తుంది. ట్రాక్ బయట చేయించుకున్నాడు, డప్పు, కంజీర, ఫ్లూట్, కీస్, అన్నీ బానే ఉన్నాయి, వాయిస్ మాత్రం ఇంట్లో బెడ్రూమ్‌లో తనే రికార్డ్ చేసుకున్నాడు. ఫైల్‌తో పాటు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ కూడా: "అన్నా, నా గొంతు డబ్బాల పాడినట్టు వస్తున్నది, ఎంత ఈక్యూ చేసినా ట్రాక్ మీద కూసుంటలేదు. ఈ మైక్ అమ్మేసి ఇంకో పాతిక వేలు ఏసి మంచిది కొందామనుకుంటున్న, ఏది కొనమంటవ్?"

ఉన్న సామాను ఏంటంటే ఆడియో టెక్నికా ఏటీ2020 మైక్, మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో ఇంటర్‌ఫేస్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్. ఈ సెటప్‌తో నీట్‌గా రికార్డ్ చేసిన వోకల్స్ నేను చాలా మిక్స్ చేశాను. ఏటీ2020 సొంత నాయిస్ 20 డీబీ (డెసిబెల్స్) అని కంపెనీ స్పెక్‌లోనే ఉంటుంది, ఖరీదైన స్టూడియో మైకులతో పోలిస్తే అది ఎక్కువే, కానీ మన ఇళ్లల్లో అన్నీ ఆపి తలుపు వేసినా గదిలో ఉండే చప్పుడు దానికంటే ఎక్కువే ఉంటుంది, కాబట్టి అక్కడ పాతిక వేలు పోసినా ఒరిగేదేం లేదు. ఇంకో మాట కూడా చెప్పాను, మంచి మైక్ కొంటే నీ గది ఇంకా మంచిగా వినిపిస్తుంది అని. నవ్వాడు కానీ నమ్మలేదు.

వాయిస్ సోలో పెట్టి, అంటే ట్రాక్ ఆపేసి గొంతు ఒక్కటే విన్నాను. నేను మొదట వినేది పాట కాదు, పాట మొదలవ్వకముందు ఉండే ఖాళీ, లైన్‌కీ లైన్‌కీ మధ్య ఊపిరి తీసుకునే చోటు, పదం ఆగాక మిగిలే తోక. ఇక్కడ ఖాళీలు పూర్తిగా నిశ్శబ్దం, అస్సలు ఏమీ లేదు, పాట మొదలవగానే మాత్రం వెనకాల ఒక జుయ్ అనే శబ్దం గొంతుతో పాటు వస్తోంది గొంతుతో పాటు పోతోంది. అంటే గేట్ వేశాడు, శబ్దం ఒక స్థాయి కంటే తగ్గగానే పూర్తిగా కోసేసే టూల్. దాంతో ఇంకో నష్టం జరిగింది. మన పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కదా, వాగు, చేను, ఊరు, పాడేవాళ్లు ఆ చివరి అక్షరాన్ని సహజంగానే వదిలేస్తారు, గొంతు కిందికి దిగిపోతుంది, పైగా ఉకారంలో హై ఫ్రీక్వెన్సీలు తక్కువ కాబట్టి ముందే మెత్తగా ఉంటుంది. గేట్‌కి అది నాయిస్‌లాగే కనిపించి కోసేస్తుంది. ఊరు కాస్తా ఊర్ అయింది, వాగు వాగ్ అయింది, వింటుంటే తెలుగు రాని వాడెవడో పాడినట్టుంది. ఇంగ్లీష్ ట్యుటోరియల్స్ చూసి గేట్ సెట్టింగులు యథాతథంగా పెట్టుకునే వాళ్లందరికీ ఇదే చెప్తాను, ఆ సెట్టింగులు హల్లుతో ఠక్కున ఆగే పదాలకి పెట్టినవి, మన పాటకి పనికిరావు.

రా ఫైల్ పంపమన్నాను, ఏ ప్లగిన్ (రికార్డింగ్ మీద వేసే సౌండ్ టూల్) లేకుండా. అందులో అసలు కథ ఉంది. 50 హెర్ట్జ్ హమ్, దాని మీద సన్నగా ఒక బజ్. ట, క లాంటి అక్షరాల తర్వాత ట్రింగ్‌మని గోడకీ గోడకీ మధ్య తిరిగే ఎకో. అన్నిటికంటే ముఖ్యమైంది ఏంటంటే, సి శృతిలో పాడుతున్నాడు, పల్లవిలో కింద మధ్యమం దగ్గరకి వచ్చిన ప్రతిసారీ గొంతు ఒక్కసారిగా బుంగలా ఉబ్బుతోంది, పక్క స్వరానికి పోగానే మామూలైపోతోంది. అతను ఈక్యూతో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే టూల్‌తో, 200 హెర్ట్జ్ దగ్గర కోసుకుంటూ పోయాడు, ఆ ఒక్క స్వరం తగ్గేసరికి మిగతా అన్ని స్వరాలూ పీలగా అయిపోయాయి, అదే ట్రాక్ మీద కూర్చోకపోవడం. ఒక స్వరం ఉబ్బితే అది గొంతు తప్పు కాదు, మైక్ తప్పు కూడా కాదు, చాలా వరకు గది.

వీడియో కాల్‌లో గది చూపించమన్నాను. పది బై పది, పైకప్పు కూడా దాదాపు పది అడుగులు. రికార్డింగ్‌కి ఇంతకంటే చెడ్డ కొలత లేదు. ఎదురెదురు గోడల మధ్య శబ్దం నిలబడిపోయే ఫ్రీక్వెన్సీ లెక్క తేలికే, శబ్ద వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించడమే. మన ఎండల్లో ఫ్యాన్ లేని గదిలో శబ్ద వేగం సెకనుకి 350 మీటర్ల దాకా ఉంటుంది, పది అడుగులు అంటే 3.05 మీటర్లు, కాబట్టి 57 హెర్ట్జ్ దగ్గర మొదటిది, దాని గుణిజాలు 115, 172. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే అయ్యేసరికి మూడు జతల గోడలూ అవే ఫ్రీక్వెన్సీల మీద కలిసి పడతాయి. సి శృతిలో కింది మధ్యమం ఎంత? 174.6 హెర్ట్జ్. ఇంకేముంది, గది ఆ స్వరాన్ని పట్టుకుని పాడుతోంది.

ఇక పెట్టుకున్న తీరు చూస్తే, టేబుల్ గోడకి ఆనించి ఉంది, మైక్ టేబుల్ ఆర్మ్ మీద గోడకి అడుగు దూరంలో, మైక్ వెనక గోడ నిండా ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక ఇంచ్ ఫోమ్ ముక్కలు, నలుపూ ఎరుపూ గళ్లుగా అంటించాడు, చూడ్డానికి మాత్రం స్టూడియోలానే ఉంది. తను గోడకేసి తిరిగి పాడతాడు. తన వీపు వెనక ఏముంది? ఉత్త గోడ, దాని ముందు స్టీల్ బీరువా. కింద టైల్స్.

రెండు విషయాలు ఇక్కడ విడమరిచి చెప్పాలి. ఇంచ్ మందం ఫోమ్ పై ఫ్రీక్వెన్సీలనే పీలుస్తుంది, చప్పట్లు కొడితే వచ్చే ట్రింగ్ కొంత తగ్గుతుంది, 172 దగ్గర ఉబ్బు చెక్కుచెదరదు. పైది పోయి కిందది అలాగే ఉండేసరికి గొంతు ఇంకా మందంగా, ముసుగు కప్పుకున్నట్టు అవుతుంది, అంటే ఫోమ్ అంటించాక డబ్బా సౌండ్ పెరుగుతుందే కానీ తగ్గదు. రెండోది, ఏటీ2020 లాంటి కార్డియాయిడ్ మైక్ ముందు వైపు వింటుంది, వెనక వైపు చాలా తక్కువ వింటుంది. మైక్‌కి ముందు ఉన్నది ఎవరు, పాడేవాడు, అతని వెనకున్న గోడ. గొంతు గదంతా తిరిగొచ్చి మైక్ నోట్లోకి సరాసరి పడేది ఆ వెనక గోడ నుంచే. మందంగా ఏదైనా పెట్టాలంటే ముందు పెట్టాల్సింది పాడేవాడి వీపు వెనక. అందరూ మైక్ వెనకే అలంకరిస్తారు, ఎందుకంటే రీల్‌లో కనిపించేది ఆ గోడే.

బీరువా సంగతి ఇంకా తమాషా. కాల్‌లో ఉండగానే ఆ మధ్యమం గట్టిగా పట్టుకోమన్నాను, పట్టుకున్నాడు, బీరువా తలుపు మీద అరచెయ్యి పెట్టి మళ్లీ పాడమన్నాను. "అన్నా, వణుకుతున్నదే!" అన్నాడు. తలుపుకీ చట్రానికీ మధ్య సందు ఉంది, లోపల ఖాళీ హ్యాంగర్లు, అవన్నీ కలిసి సన్నగా జిర్ర్‌మంటున్నాయి. రా ఫైల్‌లో నేను హెడ్‌ఫోన్ లీకేమో అనుకున్న చప్పుడు అదే. తలుపు సందులో అట్ట మడిచి కుక్కి, హ్యాంగర్లు తీసి, పైనుంచి బొంత వేలాడదీస్తే పోయింది.

తర్వాత మైక్ ఎక్కడ పెట్టాలన్నది. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అదే స్వరం నోరు మూసి హమ్ చేస్తూ గదిలో మెల్లగా నడవమన్నాను, ఒక చెవి మూసుకుని. కొన్నిచోట్ల స్వరం పొట్టలో కొడుతున్నట్టు పెద్దదవుతుంది, కొన్నిచోట్ల సన్నబడుతుంది, ఎవరికైనా తెలుస్తుంది. గోడల దగ్గర, మూలల్లో ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. సరిగ్గా గది మధ్యలో నిలబడితే 172 బాగా తగ్గింది కానీ 115 లేచింది, అది కూడా లెక్క ప్రకారమే, గదిలో నిలబడిపోయే ఫ్రీక్వెన్సీల్లో (వీటినే మోడ్‌లు అంటారు) రెండోది, నాలుగోది లాంటి సరిసంఖ్య వాటికి మధ్యలో ఒత్తిడి ఎక్కువ. చివరికి మధ్యలోంచి కిటికీ వైపు కొంచెం జరిగి, గోడలకి నేరుగా కాకుండా ఐమూలగా తిరిగితే రెండూ ఓ మాదిరిగా సర్దుకున్నాయి. నేల మీద చాక్‌పీస్‌తో గీత గీయించాను, లేకపోతే రేపు మళ్లీ టేబుల్ దగ్గరికే పోతాడు.

వీపు వెనకకి ఇంట్లో ఉన్న దూది పరుపు. మంచం మీదది తీసి నిలబెట్టి, గోడకి జానెడు ఎడం ఉంచి, పక్కన ఇంకో పాత పరుపు పెట్టి, ఒక మూలలా చేసి, అందులో వీపు పెట్టి నిలబడమన్నాను. ఎడం ఉంచడం ముఖ్యం, గోడకి అతికించి పెడితే పరుపు సగం పనే చేస్తుంది. కింద బొంత, ఆ పైన దుప్పటి. ఇదేదో పేదవాళ్ల చిట్కా అనుకోవద్దు, గదుల శబ్దానికి లెక్క కట్టిన వాలెస్ సబైన్ 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్‌లో పని మొదలుపెట్టినప్పుడు పక్కనున్న సాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, అవి పెంచుకుంటూ పోతే శబ్దం ఎంతసేపట్లో ఆగిపోతోందో కొలిచాడు. మనం ఇవాళ వాడే ఫార్ములా అలా పుట్టిందే. దాని ప్రకారం చూస్తే ఈ గది 28 క్యూబిక్ మీటర్లు, పూర్తి ఖాళీగా ఉంటే శబ్దం ఒకటిన్నర సెకన్ల పైన తిరుగుతుంది, దాన్ని 0.4 సెకన్ల దగ్గరికి తేవాలంటే పన్నెండు చదరపు మీటర్ల దాకా పీల్చే సరుకు కావాలి. రెండు పరుపులు, బొంతలు, బట్టలతో అంతా రాదు, కానీ మైక్ ముందు వైపు అంతా మెత్తగా ఉంటే మిగతాది ఓర్చుకోవచ్చు. ఒక హద్దు మాత్రం చెప్పాలి, పరుపు 57నీ 115నీ ఏమీ చేయలేదు, ఆ కింది సంగతి మైక్ చోటుతోనే చూసుకోవాలి.

లిరిక్స్ కోసం లాప్‌టాప్ మైక్ కింద తెరిచి పెట్టుకునేవాడు. నోటి నుంచి నేరుగా మైక్‌కి వెళ్లే గొంతు ఒకటి, స్క్రీన్‌కి తగిలి వెళ్లేది ఇంకొకటి, ఈ రెండు దారులకీ 34 సెంటీమీటర్ల తేడా ఉందనుకో, 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మళ్లీ 1500 దగ్గర, 2500 దగ్గర. తల కొంచెం కదిలితే ఆ గుంటలు కూడా కదులుతాయి, ఏ ఈక్యూతో పూడ్చాలి? లిరిక్స్ కాగితం మీద రాసి పరుపు అంచుకి పిన్నీసుతో పెట్టుకోమన్నాను. పాట కంఠతా వస్తే అదీ అక్కర్లేదు, మా వాడికి వచ్చు కూడా, ధైర్యానికి పెట్టుకున్నాడంతే.

హమ్ విషయం తొందరగానే తేలింది. ఛార్జర్ పీకేసి లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపితే 50 హెర్ట్జ్ చాలా వరకు పోయింది. ఆ గదిలో సాకెట్‌కి మూడు రంధ్రాలున్నాయి కానీ ఎర్తింగ్ వైరే లేదు, లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్మంటుందని అప్పుడు చెప్పాడు, అది ముందు చెప్పాల్సిన మాట, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ వేయించుకోమన్నాను, సౌండ్ కోసం కాకపోయినా ప్రాణం కోసం. బజ్ మాత్రం మిగిలింది. తన గది ఫ్యాన్ ఆఫ్‌లోనే ఉంది. హాల్లో ఫ్యాన్ పాత తిప్పుడు రెగ్యులేటర్ మీద రెండులో తిరుగుతోంది, దాన్ని ఫుల్ పెడితే బజ్ మాయం. ఆ రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంట్‌ని ముక్కలు చేసి పంపుతాయి, ఫుల్‌లో ఆ కోత దాదాపు ఉండదు. కాబట్టి రికార్డింగ్ టైమ్‌లో అమ్మకి చెప్పి హాల్ ఫ్యాన్ ఫుల్‌లో పెట్టించడం లేదా ఆపించడం, ఫ్రిజ్ కాసేపు ఆపడం, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా ఫోన్‌లో అలారం. ఎండాకాలం ఫ్యాన్ లేకుండా మధ్యాహ్నం పాడటం నరకం, తెల్లవారుజాము అన్ని విధాలా మేలు, కాకపోతే గొంతు అప్పుడే విచ్చుకోదు, అరగంట ముందే లేచి సాధన చేసుకోవాలి.

మైక్ దూరం జానెడు, నోటి ఊదుడుని ఆపే జాలీ, అదే పాప్ ఫిల్టర్, మైక్‌కి బెత్తెడు ముందు. మైక్‌ని నోటికి నేరుగా కాకుండా కొంచెం పక్కకి, ముక్కు ఎత్తులో పెట్టి కిందికి వంచితే భ, ఫ, ప ఊదుడు మైక్ పక్కనుంచి పోతుంది. ముందు రెండు అంగుళాల్లో పాడేవాడు, రేడియో గొంతులా గంభీరంగా ఉంటుందని, కార్డియాయిడ్ దగ్గరికి పోయేకొద్దీ కింది ఫ్రీక్వెన్సీలు పెంచుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది, ఈ గదిలో అది ఉబ్బు మీద ఉబ్బు. చరణంలో పైకి పోయేటప్పుడు అర అడుగు వెనక్కి జరగమన్నాను, జాతరల్లో స్టేజ్ మీద పాడినవాడు కాబట్టి అది చెప్పకుండానే చేస్తాడు. గెయిన్, అంటే రికార్డింగ్ లెవెల్, 24 బిట్‌లో అత్యంత గట్టి చోట మైనస్ 10, మైనస్ 12 డీబీ మధ్య, అంతకంటే పైకి పోనక్కర్లేదు.

హెడ్‌ఫోన్ గురించి ఎవరూ అడగరు, నా లెక్కలో పాడటం బాగుపడింది మాత్రం ఇక్కడే. బఫర్ (కంప్యూటర్ సౌండ్‌ని ఒక్కోసారి పట్టుకునే ముక్క సైజు) 1024 శాంపిల్స్ పెట్టుకుని సాఫ్ట్‌వేర్ నుంచి తన గొంతు తను వింటున్నాడు. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 అంటే ఒక్క వైపే 23 మిల్లీసెకన్లు, వచ్చీపోయీ దానికి రెట్టింపు, తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తుంటే డప్పు మీద ఎవడు పడతాడు? పాత టేక్‌లో ప్రతి లైన్ దెబ్బకి కొంచెం వెనక పడుతోంది, అతనేమో తనకి తాళం సరిగ్గా రాదేమోనని బెంగ పెట్టుకున్నాడు. ఇంటర్‌ఫేస్ మీద, గొంతుని కంప్యూటర్‌కి వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కి పంపే డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కి, సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ ఆపేస్తే అయిపోయింది. రెండూ ఆన్‌లో ఉంటే గొంతు డబుల్‌గా వస్తుంది, అది ఇంకా అన్యాయం. ట్రాక్ సౌండ్ కూడా బాగా తగ్గించాం. ట్రాక్ పెద్దగా వింటూ పాడితే గొంతు చించుకుంటారు, శృతి జారుతుంది, ఇయర్ ప్యాడ్ సందులోంచి డప్పు మైక్‌లో పడుతుంది.

కొత్త టేక్స్ వచ్చాయి. ఏ ప్లగిన్ లేకుండా ట్రాక్ మీద పెట్టి ఫేడర్ లేపితే గొంతు ముందుకొచ్చి నిలబడింది. మధ్యమం ఇంకా కొంచెం బరువే, ఆ గదిలో అంతకంటే తగ్గదు, కానీ భరించే బరువు.

మిక్స్‌లో చేసింది తక్కువే. ముందుగా క్లిప్ గెయిన్, అంటే కంప్రెసర్ (గట్టి చోట్లని అణిచే టూల్) పెట్టకముందే ప్రతి లైన్ చేత్తో సర్దడం. వాగు, చేను, ఊరు చివర్లని రెండు మూడు డీబీ లేపాను, ఊపిరి చోట్ల తగ్గించాను కానీ కోసెయ్యలేదు. విసుగు పనే, కానీ మాట అర్థమయ్యేది దీనివల్లే, జానపదంలో మాట అర్థం కాకపోతే ఇంకేం మిగిలింది? 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్, అంటే దాని కిందిదంతా కోసెయ్యడం, 172 దగ్గర డైనమిక్ ఈక్యూ, ఆ స్వరం వచ్చినప్పుడు మాత్రమే మూడు డీబీ దాకా తగ్గేలా, 350 దగ్గర రెండు డీబీ తగ్గించాను. కంప్రెసర్ 3:1, అటాక్ (అణచడం మొదలవ్వడానికి పట్టే టైమ్) 15 మిల్లీసెకన్లు, మూడు నాలుగు డీబీ తగ్గించేలా. పాత ఫైల్‌తో ఇదే చేసి ఉంటే? కంప్రెసర్ పెద్దదాన్ని తగ్గించి మొత్తాన్ని పైకి లేపుతుంది, ఆరు డీబీ లేపితే హమ్ ఆరు డీబీ లేస్తుంది, బీరువా ఆరు డీబీ లేస్తుంది, గది ఆరు డీబీ లేస్తుంది. "మిక్స్‌ల చూస్కుందాం తీ" అనే మాటకి మిక్స్ చేసేవాళ్లం భయపడేది అందుకే.

డీ ఎస్సర్, అంటే స, ష ల సుయ్‌మనే శబ్దాన్ని తగ్గించే టూల్, 6 కిలోహెర్ట్జ్ చుట్టూ, చాలా తేలిగ్గా. అతను సుక్కలు అని పాడతాడు, అందులో స మీద డీ ఎస్సర్ గట్టిగా పడితే థుక్కలు అవుతుంది, పరువు పోతుంది. ట్యూనింగ్ కూడా స్వరానికి స్వరం చూసి చేత్తోనే, ఆటోమేటిక్‌గా ఫాస్ట్‌లో పెడితే జానపదంలో ఉండే జారుళ్లు అన్నీ మెట్లుగా తెగిపోతాయి, కొంచెం శృతి అటూ ఇటూ ఉన్నా ఆ జారుడు ఉండాలన్నది నా పక్షం. నిజానికి హెడ్‌ఫోన్ సర్దాక ట్యూనింగ్ పెద్దగా అవసరం కూడా పడలేదు. ప్లేట్ రివర్బ్ (కృత్రిమంగా కలిపే గుంయ్‌మనే ప్రతిధ్వని), ప్రీ డిలే, అంటే అది మొదలయ్యే ముందు ఆగే టైమ్, 35 మిల్లీసెకన్లు, రివర్బ్‌కి వెళ్లే దాంట్లో 250 కింద కోసేశాను. గది తోక లేని వాయిస్ కాబట్టి రివర్బ్ ఎంత వేసినా బురదవ్వలేదు. ఫైనల్ మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరే వదిలాను, యూట్యూబ్ అంతకంటే గట్టిగా ఉన్నదాన్ని ఎలాగూ తగ్గిస్తుంది, దానికోసం గొంతు నలిపెయ్యడం దండగ.

ఖర్చు విషయానికొస్తే ఎర్తింగ్ వైరు, ఎలక్ట్రీషియన్ కూలి, ఇంకో మంచి పాప్ ఫిల్టర్. ఫోమ్ డబ్బులు పోయినట్టే, అది పీకితే గోడ రంగు కూడా దాంతో పాటే వచ్చింది. పరుపులు రోజూ మోయడం కుదరదని ఇప్పుడు రాక్‌వూల్ ప్యానెల్స్ చేయించుకుంటున్నాడు, క్యూబిక్ మీటర్‌కి 48 కిలోల డెన్సిటీ, 100 ఎంఎం మందం, చెక్క ఫ్రేమ్‌లో పెట్టి గుడ్డ చుట్టి, కింద చక్రాలు పెట్టుకుంటే ఆ ప్యానెల్స్‌ని బీరువా ముందుకి తెచ్చుకోవచ్చు, పనయ్యాక పక్కకి జరుపుకోవచ్చు. గుడ్డ మాత్రం నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి పోయేది కావాలి, రెక్సిన్ వేస్తే మళ్లీ గోడే. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్క్, గ్లవ్స్ తప్పనిసరి, దురద పుడుతుంది.

ఈమధ్య కోరస్‌కి ఇద్దరు అమ్మాయిల్ని పిలిచి అదే చాక్ గీత మీద నిలబెట్టి పాడించాడట, బాలేదని మళ్లీ మెసేజ్. వాళ్లు పాడేది పై స్థాయి, 172 వాళ్లకి లెక్కలోనే లేదు, ఆ గీత వాళ్ల కోసం గీసింది కాదు. పైగా ఇద్దరూ పక్కపక్కన నిలబడేసరికి ఒకమ్మాయి పరుపుల మూలలోంచి బయటికొచ్చేసింది, ఆమె వెనక మళ్లీ ఉత్త గోడ. ఒక్కొక్కరిని విడివిడిగా తీయమన్నాను, లేదంటే మైక్‌కి ఇంకో అడుగు వెనక్కి జరిగి మూడో పరుపు పక్కన పెట్టమన్నాను. మూడో పరుపు పక్కింట్లో అడుగుతానన్నాడు.